స్టెప్నీ కోసం టైరు కొనకండి, రిమ్ము కొనండి

ప్రశ్న: నేను తణుకు దగ్గర ఒక హైస్కూల్లో టీచరుని. నాలుగు నెలల క్రితం 2016 మోడల్ ఆల్టో 800 సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. నెలకోసారి అమ్మను కంటి వైద్యానికి విజయవాడ తీసుకెళ్తాను. పోయిన నెల తిరిగి వస్తుంటే, రాత్రి ఎనిమిది గంటలప్పుడు భీమడోలు దాటాక ముందు ఎడమ టైరు పంచరయింది. డిక్కీలో స్టెప్నీ ఉంది, అందులో గాలీ ఉంది. కానీ సాయానికి ఆగిన వ్యాను డ్రైవరు ఎంత తంటాలు పడ్డా అది బోల్టుల్లోకి ఎక్కలేదు. దాని మీద 155/70 ఆర్13 అని ఉంది. వేరే కారుదట. చివరికి ఆయనే టైరు ఊడదీసి పట్టుకెళ్లి, పంచరు వేయించి తెచ్చి బిగించారు. అమ్మ, నేను గంటన్నర రోడ్డు పక్కనే నిలబడ్డాం.

ఇప్పుడు సరైన స్టెప్నీ కోసం తిరుగుతున్నాను. పాత టైర్ల షాపతను మారుతి 800 చక్రం చూపించి, ‘145, 12 ఇంచీలు, సేమ్ టు సేమ్ మేడమ్’ అన్నాడు. ఆల్టో కె10ది కూడా ఒకటి ఉందన్నాడు కానీ అది 13 ఇంచీలు కాబట్టి వద్దన్నాను. అమెరికాలో ఉండే మా తమ్ముడేమో ‘ఇప్పుడు స్టెప్నీ అక్కర్లేదక్కా, చట్టం కూడా మారింది, పంచరు కిట్టు చాలు’ అంటున్నాడు. కారుకున్న టైర్లలో ముందు రెండూ సగానికి పైగా అరిగాయి, ఏడాదిలోపు మార్చాలని మెకానిక్ చెప్పాడు. వెనకవి బాగున్నాయి. నేనేం చేయాలి?

సమాధానం:

అమ్మా, ఆ రాత్రి జరిగినదానికి మిమ్మల్ని మీరు తప్పు పట్టుకోకండి. పాత కారు కొనేటప్పుడు అందరం ఇంజిన్ చప్పుడు వింటాం, ఏసీ వేసి చూస్తాం, ఆర్సీ, ఇన్సూరెన్సు కాగితాలు తిరగేస్తాం. డిక్కీలో చాప ఎత్తి స్టెప్నీ ఉందో లేదో చూసేవాళ్లు కొద్దిమందే. ఉన్నది ఆ కారుదేనా అని చూసేవాళ్లు నాకు తెలిసి మరీ తక్కువ. చూసినా మీకు అనుమానం వచ్చేది కాదు. ఎందుకో చెబుతాను.

155/70 ఆర్13 హ్యుందాయ్ శాంత్రో జింగ్‌కి వచ్చే సైజు. మీ డిక్కీలోది చాలావరకు ఆ కారుదే అయి ఉంటుంది. మీ ఆల్టో 800కి కంపెనీ ఇచ్చిన సైజు 145/80 ఆర్12. ఈ రెండు చక్రాలనూ పక్కపక్కన నిలబెడితే ఎత్తులో తేడా ఒక్క సెంటీమీటరే. అందుకే అది మీ డిక్కీ గుంటలో ఇబ్బంది లేకుండా కూర్చుంది, మీద చాప కూడా సాఫీగా పడింది. రెంటికీ నాలుగు బోల్టులే కాబట్టి అటు నుంచీ అనుమానం రాదు.

తేడా అంతా ఆ నాలుగు బోల్టుల మధ్య దూరంలో ఉంది. ఎదురెదురు బోల్టుల నడుమ, ఒకదాని మధ్య నుంచి ఇంకోదాని మధ్యకు కొలిస్తే ఆల్టోకి 114.3 మిల్లీమీటర్లు వస్తుంది, శాంత్రోకి 100. షాపుల్లో దీన్ని పీసీడీ అంటారు. ‘4 బై 114’, ‘4 బై 100’ అని చెబుతారు. ఒకటిన్నర సెంటీమీటర్ల తేడా ఉన్నప్పుడు వ్యాను డ్రైవరే కాదు, ఎవరూ ఎక్కించలేరు. ఎవరైనా ‘రంధ్రాలు కాస్త సాగదీసి ఎక్కిస్తాం’ అంటే అక్కడి నుంచి వచ్చేయండి. సాగదీసిన రంధ్రంలో నట్టు సరిగా కూర్చోదు. దారిలో వదులై చక్రమే ఊడిపోతే ప్రాణాలకు ముప్పు.

ఆయన అంత తంటాలు పడ్డారంటున్నారు కాబట్టి ఈ వారంలోనే ఒక పని చేయించండి. ముందు ఎడమ చక్రం విప్పించి, నాలుగు బోల్టుల మరలు చెడిపోలేదు కదా చూడమనండి. వేరే రిమ్ముతో గుద్దుకుంటే మరల అంచులు నలుగుతాయి. నట్టు చేత్తో చివరిదాకా సాఫీగా తిరిగితే మరలు బాగున్నట్టే.

ఇక షాపతను చూపించిన మారుతి 800 చక్రం దగ్గరికి వద్దాం. చాలామంది మోసపోయేది ఇక్కడే. అతను అబద్ధం చెప్పాడని నేననను. అతనికి కనబడింది 145, 12. బోల్టుల కొలతా కలుస్తుంది. మీ కారుకు ఎక్కుతుంది కూడా. కానీ మారుతి 800 టైరు మీద రాసి ఉండేది 145/70 ఆర్12. మధ్యలో ఉన్న ఆ 70, మీ టైరు మీది 80, ఈ రెంటికీ చాలా దూరం ఉంది.

145 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండో అంకె టైరు గోడ ఎత్తు, అంటే రిమ్ము అంచు నుంచి నేలను తాకే చోటు దాకా. అది మిల్లీమీటర్లలో ఉండదు, వెడల్పులో ఎంత శాతమో చెబుతుంది. చివరి 12 రిమ్ము అడ్డుకొలత, అంగుళాల్లో. మీ టైరుకు 145లో 80 శాతం అంటే 116 మిల్లీమీటర్ల గోడ. పైనా కిందా కలిపి 232. దానికి 12 అంగుళాల రిమ్ము, అంటే 305 కలిపితే మొత్తం ఎత్తు 537 మిల్లీమీటర్లు. మారుతి 800 టైరుకు ఇదే లెక్క వేస్తే 508 వస్తుంది. దాదాపు మూడు సెంటీమీటర్లు పొట్టి.

మూడు సెంటీమీటర్లతో ఏమవుతుందని అనిపించవచ్చు. మీ సొంత టైరు కిలోమీటరుకు సుమారు 593 చుట్లు తిరిగితే, ఆ పొట్టి టైరు 627 చుట్లు తిరగాలి. ఆల్టో ముందు చక్రాలతో నడిచే బండి. ఆ రెండు చక్రాల మధ్య డిఫరెన్షియల్ ఉంటుంది. మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ, లోపలి చక్రం తక్కువ తిరగడానికి దాన్ని పెట్టారు. మలుపు అయిపోగానే దాని చిన్న పళ్లచక్రాలకు విశ్రాంతి. ముందు ఒకవైపు పొట్టి టైరు వేశారనుకోండి, తిన్నని రోడ్డు మీద కూడా వాటికి విశ్రాంతి ఉండదు. నలభై కిలోమీటర్లు పోతే ఒక చక్రం రెండోదానికంటే 1,300 చుట్లకు పైగా ఎక్కువ తిరిగి ఉంటుంది. ఆ తేడా అంతా ఆ పళ్లచక్రాలే మోయాలి. పైగా బండి ఆ మూల ఒకటిన్నర సెంటీమీటరు కిందికి దిగుతుంది, స్టీరింగు ఒక పక్కకు లాగుతుంది. వానలో గట్టిగా బ్రేకు కొట్టాల్సి వస్తే ఆ లాగుడే ప్రమాదం. పంచరు షాపు దాకా నెమ్మదిగా పోవడానికి పనికొస్తుందేమో గానీ, అమ్మను కూర్చోబెట్టుకుని రాత్రిపూట హైవే మీద ఇంటిదాకా రావడానికి అది స్టెప్నీ కాదు.

మీరు 13 ఇంచీలని వద్దన్న ఆ కె10 చక్రం సంగతి చూడండి. 2010లో వచ్చిన పాత ఆల్టో కె10కి టైరు 155/65 ఆర్13. 155లో 65 శాతం అంటే 101 మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. రెండు గోడలు, 13 అంగుళాల రిమ్ము కలిపితే మొత్తం 532 మిల్లీమీటర్లు. మీ టైరుతో తేడా అయిదు మిల్లీమీటర్లే, ఒక శాతం కూడా లేదు. దాని బోల్టుల కొలత కూడా 114.3. పేరుకు ఏ అంకే కలవని చక్రం మీ చక్రానికి దగ్గరి చుట్టం. రెండు అంకెలు కలిసిన మారుతి 800ది దూరపు చుట్టం. మొదటి ఎంపిక మీ సైజు 145/80 ఆర్12 మాత్రమే. అది ఎంతకీ దొరకకపోతే పాత కె10 చక్రం రెండో ఎంపిక, అదీ మీ కారుకు బిగించి చూశాక. ఇప్పుడు షోరూముల్లో అమ్ముతున్న కె10 వేరు. 2022లో వచ్చిన ఆ కారుకు టైరు 145/80 ఆర్13, ఎత్తు 562 మిల్లీమీటర్లు. పేరు ఒకటే కదా అని దాన్ని తెచ్చుకోకండి.

ఇంతవరకు లెక్కలు. మీరు చేయాల్సిన పని ఇక్కడ మొదలవుతుంది. స్టెప్నీ కోసం మీరు టైరు కొననక్కర్లేదు. కొనాల్సింది ఒక రిమ్ము.

మీ ముందు టైర్లు ఎలాగూ ఏడాదిలోపు మార్చాలి. ఆ పని ఇప్పుడే చేయించండి. రెండు కొత్త టైర్లు తీసుకోండి. 145/80 ఆర్12 అరుదైన సైజేమీ కాదు. ఆల్టో 800 తయారీ 2023లో ఆగిపోయినా రోడ్ల మీద లక్షల బండ్లున్నాయి. ఎంఆర్ఎఫ్, సియట్, జేకే, అపోలో వంటి కంపెనీలన్నీ ఈ సైజు చేస్తున్నాయి, తణుకులోనో తాడేపల్లిగూడెంలోనో దొరుకుతుంది. ధర అడిగేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. కొత్త టైర్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం కాదు, 18 శాతం. బిల్లులో ఎంత వేశారో చూసుకోండి.

మీ ముందు టైర్లు రెండూ ఊడదీశాక అందులో మంచిది స్టెప్నీ అవుతుంది. మీ ఎడమ టైరు పంచరయింది కాబట్టి కుడిదాన్ని ఉంచుకోండి. సగానికి పైగా అరిగింది కదా అని సందేహించకండి. కొత్త టైరు గాళ్ల లోతు ఏడెనిమిది మిల్లీమీటర్లు ఉంటుంది. ఆ గాళ్ల అడుగున అక్కడక్కడా చిన్న రబ్బరు గుబ్బలుంటాయి. అవి 1.6 మిల్లీమీటర్ల ఎత్తు. టైరు వాటి దాకా అరిగితే ఇక రోడ్డు మీద తిరగకూడదు, చట్టప్రకారం కూడా. మీదాంట్లో మూడు మిల్లీమీటర్లు మిగిలి ఉంటే, పంచరయిన రోజున ఇంటికి చేర్చడానికి అది చక్కగా సరిపోతుంది. అంతకంటే తక్కువుంటే వెనకవాటిలో ఒకటి ఉంచుకోవాల్సి వస్తుంది. అప్పుడు కొత్తవి మూడు కొనాలి. అందుకే ముందు లోతు కొలిపించండి. టైరు షాపులో చిన్న గేజి ఉంటుంది, అర నిమిషం పని.

స్టెప్నీ కోసమని ఒక్క కొత్త టైరు కొని డిక్కీలో పడుకోబెడితే అది వాడకుండానే ముసలిదైపోతుంది. రబ్బరు తిరిగినా తిరగకపోయినా ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడుతుంది, ఎండిపోతుంది. మన ఎండలకు డిక్కీ లోపల ఎంత వేడెక్కుతుందో మీకు తెలుసు. నేను ఎన్నో కార్లలో చూశాను, పదేళ్ల నాటి స్టెప్నీ మీద గాళ్లు కొత్తగా మెరుస్తుంటాయి, పక్క గోడ నిండా వెంట్రుకవాసి పగుళ్లు ఉంటాయి. చూడ్డానికి కొత్తది, నమ్మడానికి లేదు. మీరు డబ్బు పెట్టేదేదో రోజూ రోడ్డు మీద తిరిగే టైర్ల మీద పెట్టండి.

కొత్త టైర్లు రెండూ వెనక్కి వేయించండి, వెనకవి ముందుకు తెప్పించండి. మెకానిక్ ‘ఇంజిన్ ముందుంది కదా, కొత్తవి ముందుకే వేయాలి’ అనవచ్చు. చాలా ఊళ్లలో అదే అలవాటు. కానీ టైర్ల కంపెనీలు చెప్పేది వెనక్కే. తడి రోడ్డు మీద ముందు టైర్లు జారితే స్టీరింగులో తెలుస్తుంది, కాలు తీస్తే బండి మళ్లీ మాట వింటుంది. వెనకవి జారితే బండి గిర్రున తిరుగుతుంది, అప్పుడు మీరు చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు.

రిమ్ము ఎక్కడ దొరుకుతుంది? విజయవాడ ఆటోనగర్ వెళ్తే దొరుకుతుందని అందరూ చెబుతారు, నిజమే. గుంటూరు, విశాఖ ఆటోనగర్లలో కూడా దొరుకుతుంది. హైదరాబాద్ వాళ్లకు రాణీగంజ్ ఉంది. అయితే దానికంటే ముందు ఇంకోచోట అడగండి. అల్లాయ్ వీల్స్ అమ్మే షాపుల్లో. కారు కొన్న నెలలోపే అల్లాయ్‌లు వేయించుకునేవాళ్లు ఎందరో ఉంటారు. వాళ్లు కంపెనీ ఇనప రిమ్ములు షాపువాడికే ఇచ్చేస్తారు. యాక్సిడెంటు బండి నుంచి ఊడదీసినవి కావు, గుంతల్లో పడి సొట్టలు పోయినవి కావు. పెద్దగా తిరగని రిమ్ములు, వెనక గదిలో దొంతరగా పేర్చి ఉంటాయి. మీ ఊళ్లో లేకపోతే ఏలూరులోనో భీమవరంలోనో ఇలాంటి షాపు తగులుతుంది. ఎక్కడా దొరకకపోతే మారుతి డీలరు స్పేర్ పార్ట్స్ కౌంటర్‌లో మీ ఛాసిస్ నంబరు చెప్పి కొత్త రిమ్ము తెప్పించుకోవచ్చు. ఖరీదు ఎక్కువే, కానీ అది మీ కారుదా కాదా అన్న టెన్షన్ ఉండదు.

వెళ్లేటప్పుడు నంబరు రాసుకుని కాదు, కారే తీసుకెళ్లండి. రిమ్మును ముందు నేల మీద దొర్లించి చూడండి, ఊగుతూ పోతే వంకర ఉన్నట్టు. వీల్ బ్యాలెన్సింగ్ మెషీన్ ఉన్న షాపయితే దాని మీద ఎక్కించి తిప్పమనండి, అంచు వంకర ఉంటే కళ్లకే కనబడుతుంది. టైరు కూర్చునే లోపలి అంచు దగ్గర తుప్పు పెచ్చులుగా ఊడుతుంటే వద్దు, అక్కడి నుంచే గాలి జారిపోతుంది. వెల్డింగు పెట్టిన గుర్తులుంటే అసలు వద్దు. బోల్టు రంధ్రాలు గుండ్రంగా ఉండాలి, కోడిగుడ్డులా సాగి ఉండకూడదు. ఇంకో సంగతి, మారుతి 800 కాలం నాటి రిమ్ములు కొన్ని ట్యూబు టైర్ల కోసం చేసినవి. ట్యూబ్‌లెస్ టైరు అంచు జారకుండా ఆపే చిన్న గట్టు వాటి లోపల ఉండదు. మీ టైర్లు ట్యూబ్‌లెస్ అయితే రిమ్ము కూడా ట్యూబ్‌లెస్‌దే కావాలి. ఈ ఒక్క ప్రశ్న షాపువాణ్ని తప్పకుండా అడగండి.

అన్నీ బాగున్నాయనిపిస్తే డబ్బులు ఇచ్చేముందు ఆ రిమ్మును మీ కారుకు బిగించి చూపించమనండి. ఒకసారి ముందు, ఒకసారి వెనక. నాలుగు నట్లూ మొదట చేత్తోనే తిరగాలి. ముందు బిగించినప్పుడు స్టీరింగు అటు చివరికీ ఇటు చివరికీ తిప్పి, చక్రాన్ని చేత్తో ఒక చుట్టు తిప్పండి. ఎక్కడా రాసుకోకూడదు. బ్రేకు భాగాలకు తగలకూడదు. ఇదంతా పది నిమిషాల పని. ‘ఎందుకు మేడమ్, మేం చూసుకుంటాం’ అంటే మొహమాటపడకండి. భీమడోలు దగ్గర గంటన్నర నిలబడింది మీరు.

సెకండ్ హ్యాండ్ టైరు సంగతి కూడా చెబుతాను, మీకు అవసరం పడకపోయినా ఇది చదివే ఎవరికైనా పడవచ్చు. పాత టైరు కొనక తప్పకపోతే మొదట చూడాల్సింది పుట్టిన తేదీ. పక్క గోడ మీద చిన్న గడిలో నాలుగు అంకెలుంటాయి. 2319 అంటే 2019వ సంవత్సరం 23వ వారంలో చేసింది. ఆరేళ్లు దాటినదాన్ని నేను కొనను. పదేళ్లు దాటినదాన్ని ఊరికే ఇచ్చినా తీసుకోకండి. పక్క గోడ ఎక్కడైనా ఉబ్బిందా, కోసుకుందా, లోపల చేయి పెట్టి తడిమితే మాసికలు తగులుతున్నాయా చూడండి. అన్నిటికంటే ముఖ్యం, అరిగిన టైరుకు కత్తితో మళ్లీ గాళ్లు కోసి అమ్మేవాళ్లున్నారు. చూస్తే గాడి లోతుగా, నల్లగా, కొత్తగా కనబడుతుంది. నేను చెప్పిన 1.6 మిల్లీమీటర్ల గుబ్బలు దాంట్లో ఉండవు, కత్తితో పాటే పోయి ఉంటాయి. గుబ్బలు కనబడని టైరు లోపల మిగిలిన రబ్బరు ఎంతో ఎవరికీ తెలియదు. ఎండలో వేగంగా పోతున్నప్పుడు అలాంటివే పేలతాయి.

ఇక మీ తమ్ముడి మాట. ఆయన చెప్పింది ఆయనున్న చోటికి సరైనదే. అమెరికాలో ఇప్పుడు చాలా కొత్త కార్లు స్టెప్నీ లేకుండానే వస్తున్నాయి. మన దగ్గర కూడా 2020లో కేంద్ర రవాణా శాఖ నిబంధన మార్చింది. కానీ అది అన్ని కార్లకూ కాదు. ట్యూబ్‌లెస్ టైర్లు, పంచరు రిపేరు కిట్టు, టైరులో గాలి తగ్గితే డ్రైవరుకు చెప్పే వ్యవస్థ, ఈ మూడూ ఉన్న కారుకే ఆ వెసులుబాటు. మీ 2016 ఆల్టోలో గాలి తగ్గిందని చెప్పే వ్యవస్థ లేదు. కాబట్టి ఆ మినహాయింపు మీకు వర్తించదు.

చట్టం సంగతి అటుంచి, పంచరు కిట్టు ఏం చేయగలదో చూడండి. నేల తాకే భాగంలో మేకు దిగితే, ఆ చిన్న రంధ్రాన్ని పూడ్చగలదు. వానాకాలం గుంతలో పడి రిమ్ము అంచు సొట్టపోతే, డివైడరు రాయి తగిలి పక్క గోడ చీలిపోతే, ఆ కిట్టు ఎందుకూ పనికిరాదు. రాత్రిపూట గుంత కనబడక మనకు జరిగేవి ఎక్కువగా ఈ రెండో రకమే. కిట్టు, దాంతో పాటు సిగరెట్ లైటర్ సాకెట్‌కు తగిలించే చిన్న గాలి పంపు కొనుక్కోండి, మంచివే. మేకు దిగినప్పుడు చక్రం విప్పే పనే ఉండదు. స్టెప్నీకి తోడుగా ఉంచుకోండి, దాని బదులుగా కాదు.

స్టెప్నీ అన్న మాట మనకు ఎక్కడి నుంచి వచ్చిందో మీ పిల్లలకు పాఠంలో చెప్పొచ్చు. 1904లో వేల్స్ దేశంలో లనెల్లీ అనే ఊళ్లో డేవిస్ అన్నదమ్ములు పంచరైన చక్రానికి పక్కన తగిలించే ఒక గాలి చక్రం తయారుచేశారు. అప్పటి కార్లు అసలు అదనపు చక్రం లేకుండానే అమ్మేవారు. వాళ్ల షెడ్డు ఉన్న వీధి పేరు స్టెప్నీ స్ట్రీట్. ఆ వీధి పేరే చక్రానికి వచ్చింది. ఇంగ్లండులో ఇప్పుడు ఆ మాట ఎవరూ పెద్దగా వాడరు. మన పల్లెటూళ్ల ట్రాక్టరు డ్రైవర్ల దాకా మాత్రం అది మన మాటైపోయింది.

చిన్న కార్లున్న మిగతా పాఠకులకు రెండు మాటలు. టాటా నానో ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. దానికి ముందు టైర్లు 135/70 ఆర్12, వెనకవి 155/65 ఆర్12. సైజే వేరు. స్టెప్నీ ముందు బానెట్ కింద ఉంటుంది, అది ముందు చక్రం సైజుదే. నానోకీ మొదట్లో వచ్చిన రెనో క్విడ్‌కీ చక్రానికి మూడు బోల్టులే ఉంటాయి కాబట్టి వాటికి నాలుగు బోల్టుల కారు రిమ్ములేవీ పనికిరావు. ఎల్పీజీ కిట్టు ఉన్న పాత కారు కొనేవాళ్లు చాప ఎత్తి మరీ చూడండి. గుండ్రటి గ్యాస్ ట్యాంకు స్టెప్నీ గుంటలోనే కూర్చోబెడతారు, స్టెప్నీ పాత యజమాని ఇంట్లోనే ఉండిపోతుంది. అల్లాయ్ చక్రాలున్నవాళ్లు మీ నట్లు ఇనప స్టెప్నీకి కూడా సరిగ్గా కూర్చుంటున్నాయో లేదో ముందే చూసుకోండి. కొన్నిటికి వేరే నట్లు కావాలి.

మళ్లీ మీ దగ్గరికి. స్టెప్నీ సిద్ధమయ్యాక దాన్ని కూడా బ్యాలెన్సింగ్ చేయించి, డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కరు మీద రాసిన దానికంటే మూడు నాలుగు పాయింట్లు ఎక్కువ గాలి కొట్టించి ఉంచండి. వాడకపోయినా నెలలు గడిస్తే కొంత తగ్గుతుంది. విజయవాడ బయల్దేరే ముందు నాలుగు చక్రాలతో పాటు దానికీ గాలి చూడమనండి. పెట్రోలు బంకు కుర్రాడు అయిదోదాని గురించి అడగడు, మీరే డిక్కీ తెరవాలి. అక్కడే జాకీ, దాని హ్యాండిల్, వీల్ పానా ఉన్నాయా కూడా చూడండి. మా చెల్లెలి కుటుంబం ఒకసారి తిరుపతి దారిలో ఇలాగే ఆగిపోయింది. స్టెప్నీ ఉంది, జాకీ ఉంది, దాన్ని తిప్పే హ్యాండిల్ లేదు. ఇద్దరు పసిపిల్లలతో రెండు గంటలు ఎండలో ఉండిపోయారు. అప్పటి నుంచి ఎవరి డిక్కీ తెరిచినా ముందు నా చూపు హ్యాండిల్ మీదికే పోతుంది.

ఒక ఆదివారం పొద్దున మీ ఇంటి ముందు, చదునైన చోట, చక్రం మార్చడం మీరే ఒకసారి చేసి చూడండి. హ్యాండ్ బ్రేకు వేసి, ఎదురు మూల చక్రానికి ముందూ వెనకా రాళ్లు పెట్టండి. నట్లు బండి నేల మీద ఉండగానే వదులు చేయాలి. జాకీ ఎక్కించాక లాగితే బండి ఊగి జారుతుంది. పానా మీద చేత్తో బలం చాలకపోతే కాలితో నొక్కండి, తప్పులేదు. బిగించేటప్పుడు వరసగా కాకుండా ఎదురెదురు నట్లు కొంచెం కొంచెంగా బిగించుకుంటూ రండి. బండి దించాక మళ్లీ ఒకసారి, యాభై కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి బిగింపు చూడాలి. ఆల్టో ఖాళీగా ఉంటే ఏడొందల కిలోలకు అటూ ఇటూ ఉండే తేలికైన బండి. ఒకసారి చేస్తే మీకు చేతనవుతుంది.

రాత్రిపూట హైవే మీద, చుట్టూ ఎవరూ లేని చోట మాత్రం మార్చే ప్రయత్నం చేయకండి. హజార్డ్ లైట్లు వేసి, రిమ్ము నలిగినా సరే, మెల్లగా వెలుతురున్న ధాబా దాకానో బంకు దాకానో పోండి. రిమ్ము మళ్లీ కొనుక్కోవచ్చు. అసలే కదల్లేకపోతే అమ్మను కారు దించి, రోడ్డుకు దూరంగా రెయిలింగ్ అవతల నిలబెట్టి, జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేయండి. ఏ టైమైనా ఎత్తుతారు. కిలోమీటరు రాయి మీద అంకె చూసి చెబితే వాళ్ల బండి సరిగ్గా అక్కడికే వస్తుంది.

డిక్కీలో ఉన్న ఆ శాంత్రో చక్రాన్ని పాత ఇనుము కింద అమ్మేయకండి. దాంట్లో గాలి నిలిచిందంటున్నారు కాబట్టి రిమ్ము బాగానే ఉండి ఉంటుంది. మీరు రిమ్ము కొనే షాపులోనే దాన్ని మార్పిడికి అడగండి. స్టెప్నీ కోసం వెతుక్కునే పాత శాంత్రో వాళ్లు మన జిల్లాల్లో ఇంకా చాలామందే ఉన్నారు.